మార్చడానికి అది రూల్ కాదండి, ఎప్పుడో అమ్మేసిన హక్కు

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉంటాం. ఇద్దరం సాఫ్ట్‌వేరే. హంటర్‌డన్ కౌంటీలో 38 ఎకరాల పొలం అమ్మకానికి వచ్చింది. పాత ఇల్లు ఒకటి, పెద్ద బార్న్ ఒకటి ఉన్నాయి. చుట్టుపక్కల రేట్లతో పోలిస్తే సగం కూడా లేదు. ఎందుకింత తక్కువ అంటే ‘ప్రిజర్వ్‌డ్ ఫార్మ్’ అన్నారు, డెవలప్‌మెంట్ హక్కులు ప్రభుత్వం దగ్గర ఉన్నాయట. అంటే భూమి ప్రభుత్వానిదా? నేనూ, మా ఫ్రెండూ కలిసి కొని చెరి సగం చేసుకుని రెండు ఇళ్లు కట్టుకోవచ్చా? మేకలు, కూరగాయలు పెట్టి, వీకెండ్లలో బార్న్‌ని ఫంక్షన్లకి ఇద్దామని మా ఆవిడ ఆలోచన. మా మామగారిది మొయినాబాద్ వైపు. 111 జీవో ఉందని 2009లో ఏడెకరాలు వచ్చిన రేటుకి అమ్మేసుకున్నారు. ‘ఆంక్షలున్నప్పుడే కొనాలి అల్లుడూ, ఎత్తేశాక కొనలేం’ అని రోజూ ఫోన్లో చెప్తున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు మీ మామగారి మాటతోనే మొదలుపెడతాను. ఆయన చెప్పింది ఆయన చూసిన దాని ప్రకారం తప్పు కాదు. గండిపేట, హిమాయత్‌సాగర్ నీళ్లు చెడిపోకూడదని 1996లో 111 జీవో తెచ్చారు. రెండు చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలు, 1.32 లక్షల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. అక్కడి రైతుకి ఒక్క రూపాయి పరిహారం ఇచ్చి ఆ పని చేయలేదు. రోడ్డుకి అటు పక్క గజాల్లో అమ్ముతుంటే, ఇటు పక్కవాడు ఎకరాల్లో కూడా అమ్ముకోలేక పాతికేళ్లు చూస్తూ కూర్చున్నాడు. అలాంటి ఆంక్ష మీద ఒత్తిడి రాకుండా ఉంటుందా? 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు జీవో ఇచ్చి ఆ ఆంక్షల్ని సడలించారు. ప్రభుత్వం ఒక కాగితంతో పెట్టింది, ఇంకో కాగితంతో సడలించింది. ఆంక్ష ఉండగా అమ్ముకున్న మీ మామగారు మధ్యలో నష్టపోయారు. ఆ మంట ఆయనకి ఇప్పుడే కాదు, ఎప్పటికీ చల్లారదు.

మీరు చూస్తున్న పొలం కథ అది కాదు. దాని మీద ఎవరూ ఆంక్ష పెట్టలేదు. ఆ పొలం ఓనరు, బహుశా ఇప్పటి ఓనరుకి ముందున్నాయన, ప్లాట్లు వేసి ఇళ్లు కట్టుకునే హక్కుని తనంతట తాను డబ్బు పుచ్చుకుని అమ్మేశాడు. అందుకే ‘ఎత్తేయడం’ అనే మాట ఇక్కడ అతకదు. మీరు అమ్మేసిన కారుని కొన్నవాడు ఏదో ఒకరోజు తిరిగి ఇస్తాడని పార్కింగ్ ఖాళీగా ఉంచుకుంటారా?

లెక్క ఎలా వేస్తారో చెప్తాను. అంకెలు నేను ఊరికే అనుకున్నవి. ఒక పొలాన్ని ఏ షరతూ లేకుండా మార్కెట్లో పెడితే 10 లక్షల డాలర్లు పలుకుతుంది అనుకోండి. అదే పొలాన్ని ఎప్పటికీ వ్యవసాయానికే వాడాలి అంటే 4 లక్షలే వస్తుంది. మధ్యలో ఉన్న 6 లక్షలే డెవలప్‌మెంట్ హక్కు విలువ. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు వాల్యుయేషన్ చేసేవాళ్లు వచ్చి ‘ముందు’ విలువ, ‘తర్వాత’ విలువ కడతారు. రాష్ట్ర స్థాయిలో స్టేట్ అగ్రికల్చర్ డెవలప్‌మెంట్ కమిటీ అని ఒకటుంది, అందరూ ఎస్ఏడీసీ అంటారు. అది ఆ విలువ ఖాయం చేశాక రాష్ట్రం, కౌంటీ, ఒక్కోచోట టౌన్‌షిప్పు కలిసి ఆ డబ్బు రైతుకి ఇస్తాయి. రైతు బదులుగా ‘డీడ్ ఆఫ్ ఈజ్‌మెంట్’ అనే దస్తావేజు రాసిస్తాడు. అది కౌంటీ క్లర్క్ ఆఫీసులో రికార్డవుతుంది. ఓనరు చచ్చినా, అమ్మినా, పిల్లలకి రాసిచ్చినా ఆ దస్తావేజు భూమినే అంటిపెట్టుకుని ఉంటుంది.

కాబట్టి భూమి ప్రభుత్వానిది కాదు, మీదే అవుతుంది. అమ్ముకోవచ్చు, కౌలుకివ్వచ్చు, బ్యాంకులో పెట్టుకోవచ్చు, ‘లోపలికి రావద్దు’ అని బోర్డు పెట్టుకోవచ్చు. ప్రిజర్వ్ చేశారు కదా అని జనం వచ్చి తిరిగే పార్కు అయిపోదు. ఏడాదికోసారి మాత్రం దస్తావేజు ప్రకారం అంతా ఉందా లేదా అని మనిషి వచ్చి చూసి వెళ్తాడు.

ఇదంతా ఎందుకు మొదలైందో తెలియాలంటే మీరుండే వీధిని చూసుకుంటే చాలు. మన తెలుగువాళ్లు కాపురాలుంటున్న మిడిల్‌సెక్స్ కౌంటీ ఊళ్లలో చాలా భాగం ఒకప్పుడు బంగాళాదుంప పొలాలు. ప్లెయిన్స్‌బరోలో పెద్ద పాల డెయిరీ ఉండేది. 1950 ప్రాంతంలో ఈ రాష్ట్రంలో 17 లక్షల ఎకరాల పైన సాగు భూమి ఉంటే, ఇప్పుడు 7 లక్షల చిల్లర మిగిలింది. 1981లో ఓటర్లు 5 కోట్ల డాలర్ల బాండ్లకి ఒప్పుకున్నారు. 1983లో ఈ పథకానికి చట్టం వచ్చింది. 1998లో ఏకంగా రాష్ట్ర రాజ్యాంగ సవరణకే ఓటేసి, పొలాలు, ఖాళీ స్థలాలు, పాత కట్టడాలు కాపాడటానికి పదేళ్లపాటు ఏటా 9.8 కోట్ల డాలర్లు పక్కన పెట్టించారు. ఇప్పటికి ప్రిజర్వ్ అయిన పొలాలు సుమారు రెండున్నర లక్షల ఎకరాలు. జనం తమ పన్ను డబ్బుతో కొనుక్కున్న హక్కుని ఏదో ఒక ఎన్నికల ముందు ఎవరో ఒకాయన మీకు ఉచితంగా తిరిగిచ్చేస్తాడని మాత్రం ఆశ పెట్టుకోకండి. మీ మామగారికి ఈ ఒక్క ముక్క అర్థమయ్యేలా చెప్పండి: ఆయన దగ్గర్నుంచి ఊరికే లాక్కున్నారు, ఇక్కడ కొనుక్కున్నారు.

నిజానికి న్యూజెర్సీ మొదటిది కూడా కాదు. న్యూయార్క్‌లో లాంగ్ ఐలాండ్ మీదున్న సఫక్ కౌంటీ 1974లోనే హక్కులు కొనే పథకానికి చట్టం చేసింది. మేరీల్యాండ్, పెన్సిల్వేనియా వాళ్లకీ ఉన్నాయి. ఈ జవాబు చదివి ఆ రాష్ట్రాల్లో పొలం చూసేవాళ్లు గుర్తుంచుకోండి, పేర్లు ఒకేలా ఉన్నా షరతులు రాష్ట్రానికో రకం. నేను కింద చెప్పేవి న్యూజెర్సీవే.

ఇక చెరి సగం సంగతి. ఇద్దరి పేర్లతో కొనొచ్చు, కంపెనీ పెట్టి కొనొచ్చు, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. ముక్కలు చేయడం మాత్రం ఎస్ఏడీసీ అనుమతి లేకుండా కుదరదు. అనుమతి అడిగితే వాళ్లు చూసేది, విడదీసేది వ్యవసాయం కోసమేనా, విడిపోయాక ఏ ముక్కకి ఆ ముక్క వ్యవసాయంగా నిలబడుతుందా అని. 38 ఎకరాల్ని రెండు చేసి ఇద్దరు సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇళ్లు కట్టుకుంటాం అంటే ఒప్పుకుంటారని నేను అనుకోను. మరి మీ ఫ్రెండ్‌తో కలిసి కొంటే, పదేళ్ల తర్వాత మాటలు తేడా వచ్చినప్పుడు గట్టు వేసుకునే దారి ఉండదు. ఒకరి వాటా ఒకరు కొనుక్కోవాలి, లేదా మొత్తం అమ్మాలి. ఎవరు ఎవరిది ఏ రేటుకి కొనాలో ముందే రాసుకోండి. స్నేహం బాగున్నప్పుడే రాసుకోవడం తేలిక. మన అన్నదమ్ముల పొలాల గొడవలు చూసిన వాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

రెండు ఇళ్ల మాటకి వస్తే, అసలు కీలకం ‘ఎక్సెప్షన్ ఏరియా’ అనే చోట ఉంది. హక్కు అమ్మేటప్పుడు రైతు కొంత జాగాని పక్కకి తీసి ‘ఇది నేను అమ్మడం లేదు’ అని ఉంచుకోవచ్చు. మన వైపు పొలం అమ్మేవాడు ఇంటి దొడ్డి వదిలి మిగతాది రాసిచ్చినట్టు. ఇందులో రెండు రకాలు. ఒకటి విడదీసి వేరుగా అమ్ముకోగలిగేది, రెండోది పొలంతోనే ఉండాల్సింది. ఆ జాగాలో ఎన్ని ఇళ్లు అన్నది అప్పుడే రాసేస్తారు, చాలాసార్లు ఒక్కటే. ఆ గీతకి బయట మిగతా పొలంలో కొత్త ఇల్లు కట్టాలంటే, అలాంటి అవకాశాన్ని ఆ రోజే దస్తావేజులో ఉంచి ఉండాలి. దానికీ వందెకరాలకి ఒక ఇల్లు అనే లెక్క. 38 ఎకరాలకి ఆ ప్రస్తావనే రాదు. పాత ఇంటిని పడగొట్టి అదే పొలంలో కొత్తది కట్టుకోవచ్చు, అనుమతి తీసుకుని. కాబట్టి రెండో ఇల్లు ఉండదనే అనుకుని మీ ఫ్రెండ్‌తో మాట్లాడండి.

ఏజెంట్లు ‘రెండెకరాల ఎక్సెప్షన్ ఉందండి’ అని ఊరిస్తారు. ఎంత అన్నది కాదు, ఎక్కడ అన్నది చూడండి. ఇలాగే నా ఫ్రెండ్ ఒకతనితో నవంబరులో ఒక పొలం చూడటానికి వెళ్లాను. మొక్కజొన్న కోసేసి ఉంది, కాలి కింద మోళ్లు గుచ్చుకుంటున్నాయి. బార్న్ చూసి అతనికి తెగ నచ్చేసింది. లైట్లు ఎక్కడ వేలాడదీయాలో, బఫే ఏ గోడకి పెట్టాలో అప్పుడే చెప్పడం మొదలుపెట్టాడు. నా చేతిలో సర్వే కాగితం ఉంది. బార్న్ వెనక గడ్డిలో కాలితో వెతికితే నారింజ రంగు రిబ్బను కట్టిన ఇనుప మేకు దొరికింది. ఆ మేకు నుంచి ఇంటి దగ్గరి మేకుకి చూపు సాగదీస్తే, ఎక్సెప్షన్ గీత బార్న్ తలుపు ముందు నుంచే పోతోంది. ఇల్లు లోపల, బార్న్ బయట. అంటే బార్న్‌లో ఎండుగడ్డి పెట్టుకోవచ్చు, ట్రాక్టర్ పెట్టుకోవచ్చు, మేకల్ని కట్టేసుకోవచ్చు. ఫంక్షన్ హాల్ మాత్రం అది కాలేదు. పన్నెండు అడుగుల తేడా! తిరిగి వచ్చేటప్పుడు కారులో అతను పాటలు కూడా పెట్టలేదు.

అయితే మీ ఆవిడ ఆలోచనకి కొంత దారి ఉంది. 2023లో ప్రిజర్వ్‌డ్ పొలాల్లో వేడుకలకి ఒక చట్టం వచ్చింది. ఆ పొలం ఏడాదికి 10 వేల డాలర్లకి తగ్గకుండా వ్యవసాయ ఉత్పత్తి తీస్తుంటే, అనుమతి తీసుకుని ఏడాదిలో 26 వేడుకల వరకు చేసుకోవచ్చు. అందులో 250 మందీ అంతకు మించీ వచ్చేవి ఆరే. మనవాళ్ల పెళ్లికి 250 అంటే నిశ్చితార్థానికే దాటిపోతారు, అది వేరే సంగతి. జాగా ఎంత వాడాలి, ఏం కట్టకూడదు అనే వాటికీ హద్దులున్నాయి. టౌన్‌షిప్పు వాళ్ల పార్కింగ్, సౌండు, ఫైర్ నిబంధనలు ఎలాగూ ఉంటాయి. నా అభిప్రాయం అడిగితే, బ్యాంకు వాయిదా ఈ ఫంక్షన్ల డబ్బుతో కట్టేద్దాం అనే లెక్క మీద మాత్రం కొనకండి. ముందు ఆ 10 వేల డాలర్ల పంట తీసి చూడండి. అప్పుడు తెలుస్తుంది, శనివారం పెళ్లి చేయించే ఓపిక మిగిలిందో లేదో.

ఆటల సంగతి మీరు అడగలేదు కానీ 38 ఎకరాలు అనగానే మనవాళ్లలో ఎవరో ఒకరు క్రికెట్ గ్రౌండు అంటారు. దస్తావేజులో దాని మీద స్పష్టంగానే ఉంటుంది. వేట, చేపలు పట్టడం, మంచులో స్కీయింగ్ లాంటివి నేలని ఉన్నదున్నట్టు వాడుకుని, సేద్యానికి అడ్డురాకుండా చేస్తే డబ్బు కూడా తీసుకోవచ్చు. నేలని మార్చి సంపాదించే గోల్ఫ్ కోర్సు, ఆటల మైదానం లాంటివి కుదరవు. పిల్లలు సాయంత్రం బ్యాటు పట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు, పిచ్ వేసి లీగ్‌కి అద్దెకిస్తే అంటారు. గుడి కట్టాలని ఉంటే ఇంకో చోటు చూసుకోండి.

మేకలు, కూరగాయలకి ఏ ఇబ్బందీ లేదు, ఆ భూమి ఉన్నదే అందుకు. మేకల్ని బతికున్నవి అమ్మడం వేరు, కోసి అమ్మడం వేరు. కోతకి వేరే చట్టాలు, తనిఖీలు ఉన్నాయి, ఆదివారం పూట మనవాళ్లు కార్లేసుకుని వచ్చి అడిగినా తొందరపడకండి. కూరగాయల్లో బీర, సొర, బెండ, మిర్చి, గోంగూర ఎండాకాలంలో బాగానే వస్తాయి. అక్టోబరులో ఒక్క రాత్రి మంచు పడితే గోంగూర మడి తెల్లారేసరికి ఉడకబెట్టినట్టు నల్లగా వాలిపోతుంది. రట్గర్స్ యూనివర్సిటీ వాళ్లు మనలాంటి వలస జనం తినే కూరగాయలు ఇక్కడ ఎలా పండించాలి, ఎంతమంది కొంటారు అన్న దాని మీద పని చేశారు. కౌంటీలో వాళ్ల ఎక్స్‌టెన్షన్ ఆఫీసు, అంటే రైతులకి సలహాలిచ్చే ఆఫీసు, ఉంటుంది. కొనకముందే వెళ్లి ఆ పొలం మట్టి ఎలాంటిదో అడగండి, మంచి మనుషులు, ఓపిగ్గా చెప్తారు.

మట్టి అంటే గుర్తొచ్చింది. గ్రీన్‌హౌసులు వేసుకోవచ్చు కదా, అదీ వ్యవసాయమే కదా అనుకుంటారు. వేసుకోవచ్చు, కానీ మట్టిని పాడుచేసి కాదు. హంటర్‌డన్ కౌంటీలోనే ఒక పూల రైతు ప్రిజర్వ్‌డ్ పొలంలో షెడ్ల కోసం ఇంచుమించు 20 ఎకరాలు చదును చేయించాడు. పైనున్న సారమైన మట్టి అంతా కదిలిపోయింది. ఎస్ఏడీసీ కోర్టుకెళ్లింది. 2018లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా పోయి, అతను దస్తావేజు ఉల్లంఘించాడనే తేలింది. పంట కోసమే చేశాను అన్నా ఒప్పుకోలేదు. బుల్‌డోజర్ పిలిచే ముందు కౌంటీ వాళ్లకి ఒక ఫోను చేయండి.

పన్ను గురించి మీరు రాయలేదు. తక్కువ పన్ను ప్రిజర్వ్ చేసినందుకు వస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. అది 1964 నాటి ఫార్మ్‌లాండ్ అసెస్‌మెంట్ చట్టం, ప్రిజర్వ్ కాని పొలానికీ వర్తిస్తుంది. కనీసం ఐదెకరాలు సాగులో ఉండాలి, అంతకుముందు వరసగా రెండేళ్లు సాగు జరిగి ఉండాలి, అమ్మకాలు చూపించాలి. మొదటి ఐదెకరాలకి 1,000 డాలర్లు, ఆపైన ఎకరానికి 5 డాలర్లు. మీ 38లో ఇల్లూ దొడ్డీ రెండెకరాలు తీసేసి 36 అనుకుంటే, 1,000కి 31 ఐదులు 155 కలిపి ఏడాదికి 1,155 డాలర్ల సరుకు అమ్మితే చాలు. అడవి ఉన్న భాగానికి లెక్క వేరు, ఇంకా తక్కువ. మీరే చేయక్కర్లేదు, పక్క రైతుకి గడ్డికి కౌలుకిచ్చినా ఆ అమ్మకాలు లెక్కకొస్తాయి. ఇంటికీ ఇంటి జాగాకీ మాత్రం మామూలు పన్నే. అప్లికేషను ఏటా ఆగస్టు 1 లోపు ఇవ్వాలి. మరిచిపోతే ఆ మరుసటి ఏడాది బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి.

కొనమంటారా వద్దా అంటే, మీ ఉత్తరంలో రెండు కోరికలున్నాయి. పొలం మధ్య ఇల్లు, నాలుగు మేకలు, వీకెండ్ మట్టి పని అన్నది ఒకటి. దానికి ఇంతకంటే చవకైన దారి ఈ రాష్ట్రంలో దొరకదు. మీ జేబులోంచి పోవాల్సిన డబ్బు సగానికి పైగా పన్ను కట్టేవాళ్లందరూ ముందే కట్టేశారు. పక్కన కూడా ప్రిజర్వ్‌డ్ పొలాలే ఉంటే ఇంకా మంచిది, కిటికీ తీస్తే గోడౌన్ కనిపించదు. రెండోది, రేపు వెంచర్ వేస్తే ఎంతొస్తుందో అన్న ఆశ. దానికైతే ఇది కొనకండి. ఇది పొలంగానే పెరుగుతుంది, పొలంగానే అమ్ముడుపోతుంది.

ఈ వారంలో చేయాల్సింది ఏమిటంటే, కౌంటీ క్లర్క్ ఆఫీసు నుంచి డీడ్ ఆఫ్ ఈజ్‌మెంట్ కాపీ, సర్వే మ్యాపు తెప్పించుకోండి. ఏజెంట్ ఇచ్చిన ఒక పేజీ సారాంశం కాదు, మొత్తం దస్తావేజు, వెనకుండే షెడ్యూళ్లతో సహా. ఇళ్లు రిజిస్టర్ చేసే మామూలు లాయరు కాకుండా ఇలాంటి పొలాలు చేసిన లాయరుని పట్టుకోండి. కౌంటీ అగ్రికల్చర్ డెవలప్‌మెంట్ బోర్డుకి ఫోన్ చేసి, పాత ఓనరు మీద ఏదైనా ఉల్లంఘన నోటీసు ఉందా అని అడగండి, అది మీ నెత్తికి చుట్టుకోకూడదు. ఇల్లు కొత్తది కట్టే ఆలోచన ఉంటే సెప్టిక్‌కి నేల పనికొస్తుందో లేదో పరీక్ష చేయించాకే సంతకం పెట్టండి. మామూలు హోమ్‌లోన్ ఇచ్చే బ్యాంకులు 38 ఎకరాలంటే వెనకాడతాయి కాబట్టి, పొలాలకి అప్పులిచ్చే సంస్థల దగ్గర ముందే వడ్డీ కనుక్కోండి.

మ్యాపు రాగానే ఎక్సెప్షన్ ఏరియా కొలతలున్న పేజీ ఫొటో తీసి నాకు పంపండి. మీ బార్న్ ఆ గీతకి ఏ పక్కనుందో చూసి చెప్తాను.